ఆడవాళ్ళు ఎగిరితే ఎవరికి అభ్యంతరం?

జుంబా అనే మాట మా సమావేశాల్లో ఎప్పుడైనా వినిపించిందంటే అది వెక్కిరింతగానే. పెళ్ళి కుదిరిన అమ్మాయిలూ, డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళూ సన్నబడటానికి పడే పాట్లలో అదొకటని మా అందరి అభిప్రాయం. సౌందర్య పరిశ్రమ స్త్రీల శరీరాలను ఎట్లా సరుకుగా మారుస్తోందో ఉపన్యాసం చెప్పేటప్పుడు నేనే దాన్ని ఉదాహరణగా వాడాను కూడా. కాబట్టి ఏడాదిగా వారానికి మూడు రోజులు నారాయణగూడలో ఒక మేడమీది హాల్లో నేను ఆ అడుగులే నేర్చుకుంటున్నానని ఇక్కడ రాయడం కొంత ఇబ్బందిగానే ఉంది. అసలు ఇబ్బంది ఎందుకు కలగాలి అన్న ప్రశ్న నుంచే ఈ వ్యాసం మొదలయింది.

మోకాళ్ళ నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ మందులతో పాటు, "తొడల కండరాలు బలపడాలి, రోజూ కదలండి" అంది. చిక్కడపల్లిలో ఉండేవాళ్ళకు ఈ సలహా ఎంత హాస్యాస్పదమో తెలుసు. మా వీధుల్లో నడవడమంటే బండ్ల మధ్య, గుంతల మధ్య, తోపుడు బళ్ళ మధ్య దారి వెతుక్కోవడమే. ఇందిరాపార్కుకు పోవచ్చుగా అంటారు. పొద్దున్నే ఆరింటికి పార్కులో నడిచే స్త్రీ ఇంట్లో టిఫిన్ డబ్బాలు కట్టాల్సిన అవసరం లేని స్త్రీ అయి ఉండాలి. ధర్నాచౌక్ దగ్గర నిలబడ్డన్ని సార్లు నేను ఆ పార్కు లోపలికి వెళ్ళి ఉండను. చివరికి పక్క అపార్ట్‌మెంటు ఆవిడ నన్ను తనతో పాటు ఆ హాలుకు లాక్కుపోయింది. చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు మెట్రోలో ఒక్క స్టేషను. 2020 ఫిబ్రవరిలో ఆ లైను తెరిచారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి మేము బస్సులోనే పోతాం.

ఆడవాళ్ళ బ్యాచ్ పదకొండు గంటలకు. ఆ టైమే ఎందుకని అడిగితే, మగవాళ్ళు ఆఫీసులకు పోతారు కనుక హాలు ఖాళీగా ఉంటుందన్నారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది మనం తిన్నట్టు, హాలులోనూ మిగిలిన గంటే మనకు దక్కుతుంది. అయినా ఆ గంట కోసం వచ్చేవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ వాళ్ళ నుంచి అరవై దాటిన రిటైర్డ్ టీచరు వరకు.

మొదటి రోజు నేర్పింది మెరెంగే. వినడానికి గొప్పగా ఉంది గానీ, చూస్తే ఉన్నచోటే కవాతు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మోకాళ్ళు కొంచెం వదులుగా వంచి, ఏ పాదం మోపితే ఆ కాలు మీదికి బరువంతా పోనివ్వాలి. అట్లా చేస్తే నడుము దానంతట అదే ఆ వైపుకు జరుగుతుంది. నడుము ఊపమని టీచరు ఒక్కసారి కూడా చెప్పలేదు. "ఊపకండి ఆంటీ, ఆపకండి, అంతే" అంది. ఆ రెండో మాటే మా ప్రాణం మీదికి వచ్చింది. నడుము జరగబోతే ఆపేసుకోవడం మాకు ఎంత అలవాటయి పోయిందంటే, మేము ఆపుతున్నామని కూడా మాకు తెలియదు. నా చుట్టూ ఉన్న పాతికమందీ కాళ్ళు కదుపుతున్నారు, పైనుంచి మాత్రం బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా బిగుసుకుని ఉన్నారు. బస్సులో, బజారులో, ఆఫీసులో, అత్తగారింట్లో ఇన్నేళ్ళు ఆ భాగాన్ని దాచుకుంటూ వచ్చినవాళ్ళం. పాట పెట్టగానే వదిలేయమంటే ఎట్లా వదులుతాం?

సల్సా దగ్గర నాకు ఇంకో చిక్కు వచ్చింది. ఒకటి, రెండు, మూడు వేసి నాలుగుకు ఆగాలి. అయిదు, ఆరు, ఏడు వేసి ఎనిమిదికి ఆగాలి. ఎనిమిది లెక్క నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి త్యాగరాయ గానసభలో కచేరీలు వింటూ తొడ మీద ఆదితాళం వేసినదాన్నే. కానీ ఆ తాళంలో నాలుగో అక్షరానికీ వేలు పడుతుంది. ఇక్కడ నాలుగుకు కాలు పడకూడదు. పదిహేను రోజులు నేను ఆగాల్సిన చోట అడుగు వేస్తూ, పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుతూ గడిపాను. తాళం నా చేతికి వచ్చు, నా కాళ్ళను మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కుంబియా. దీంట్లో ఒక కాలు ఉన్నచోటే పాతుకుని ఉంటుంది, రెండోది ముందుకోసారి వెనక్కోసారి పడుతుంది. ఇంకో అడుగులో తిమ్మిరెక్కినట్టు ఒక కాలిని ఈడ్చుకుంటూ పక్కకు పోవాలి. మరొకటి చెరకు నరికే అడుగు. ఒక చేత్తో గడ పట్టుకున్నట్టు, రెండో చేత్తో కత్తి విసిరినట్టు. చివరిది రెగ్గెటాన్, పాదం నేలకేసి గట్టిగా కొట్టాలి. అడుగు చప్పుడు వినబడకుండా నడవాలని పెంచిన ఆడపిల్లలం, మొదట్లో ఎవరి పాదమూ చప్పుడు చెయ్యలేదు. "కోపం తెచ్చుకోండి" అంది టీచరు. కోపానికి కొదవేముంది! ఆ రోజు కింది అంతస్తు వాళ్ళు పైకి వచ్చారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. ఎందుకంటే మనం దీన్ని ఎక్కడా మాట్లాడుకోము. టీచరు "జంప్" అనగానే సగం మంది గోడవైపుకు జరిగిపోయేవారు. మంచినీళ్ళు తాగడానికి, చున్నీ సర్దుకోవడానికి, ఫోను చూసుకోవడానికి. నెల గడిచాక ఒకావిడ నెమ్మదిగా చెప్పింది, ఎగిరితే మూత్రం చుక్కలు పడతాయని. ఆ మాట బయటికి వచ్చాక ఒక్కొక్కరే "నాకూ అంతే" అన్నారు. దగ్గినా తుమ్మినా ఇదే బాధ. రెండో కాన్పు నుంచి ఒకరికి, గర్భసంచి తీసేసినప్పటి నుంచి ఇంకొకరికి. కాన్పుల్లో కటి కింది భాగపు కండరాలు సాగి వదులైపోవడం వల్ల ఇది వస్తుందనీ, ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామం క్రమంగా చేస్తే చాలామందికి తగ్గుతుందనీ, అది వయసుతో వచ్చే ఖర్మ కాదనీ వాళ్ళలో ఒక్కరికీ ఏ డాక్టరూ చెప్పలేదు. 1991లో అన్వేషి స్త్రీల ఆరోగ్య బృందం 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మన శరీరం గురించి మనం తెలుసుకునే కాలం వచ్చిందని ఎంత సంబరపడ్డాం! ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా పాతికమంది చదువుకున్న ఆడవాళ్ళు ఒక హాల్లో ఈ సంగతిని గుసగుసగా చెప్పుకోవాల్సి వచ్చింది. గర్భసంచి తీసివేత ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. బరువు కాళ్ళ మీద మోస్తూ చేసే ఇట్లాంటి వ్యాయామం ఆ ఎముకలకు మేలు. కానీ ఎగరమనడం కాదు. ఇప్పుడు మా క్లాసులో ఎగిరే అడుగు వచ్చినప్పుడల్లా ఎగరకుండా చేసే రకం కూడా టీచరు ముందే చూపిస్తోంది. గోడ దగ్గరికి పోయేవాళ్ళు తగ్గారు.

ఈ అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? కంపెనీ చెప్పే కథ ప్రకారం, 1990లలో కొలంబియా దేశంలోని కాలి అనే నగరంలో ఆల్బెర్టో పెరెజ్ అనే వ్యాయామ శిక్షకుడు ఒకరోజు క్లాసుకు తేవాల్సిన క్యాసెట్టు మరిచిపోయి, తన దగ్గరున్న సల్సా, మెరెంగే పాటలతోనే నడిపించేశాడు. 2001లో అమెరికాలోని మయామీలో అది కంపెనీ అయింది. పేరు కంపెనీ సొత్తయింది. దాని సభ్యత్వం తీసుకున్న టీచర్లు నెలనెలా రుసుం కట్టాలి. అడుగులు మాత్రం ఆ కంపెనీవి కావు. కుంబియా కొలంబియా సముద్రతీరంలో ఆఫ్రికా బానిసలూ, ఆదివాసులూ, స్పెయిన్ వాళ్ళూ కలిసిన చోట పుట్టింది. కాళ్ళకు గొలుసులు ఉన్నందువల్లే ఆ కాలు ఈడ్చే అడుగు వచ్చిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, చెరకు తోటలు నిజం, కొరడాలు నిజం. మన కోస్తా జిల్లాల నుంచి మారిషస్, నటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన తెలుగు స్త్రీల చేతులూ ఆ కత్తే పట్టాయి. ఏసీ గదిలో నేను ఆ కత్తి విసిరే అడుగు వేస్తున్నప్పుడు అప్పుడప్పుడు ఇది గుర్తొస్తుంది. వేరే అప్పుడు ఏమీ గుర్తు రాదు, చెమట కారుతుంటుంది, అంతే.

మెరెంగే సంగతి మన పాఠకులకు ఇంకా దగ్గరిది. డొమినికన్ రిపబ్లిక్‌ను 1930 నుంచి 1961లో హతమయ్యే దాకా తన గుప్పిట్లో పెట్టుకున్న నియంత త్రుహియో, పల్లెజనం ఆడుకునే ఈ నృత్యాన్ని తన ఎన్నికల సభలకు, తన కీర్తిగానానికి వాడుకుని జాతీయ నృత్యం చేశాడు. విందులకు అందమైన అమ్మాయిలను పిలిపించుకోవడం ఆయనకు అలవాటు. 1949లో అట్లాంటి ఒక విందుకు మినర్వా మిరాబల్ అనే యువతి కుటుంబంతో వెళ్ళాల్సి వచ్చింది. నియంత ఆమెతో నాట్యం చేశాడు. ఆమె అతని చనువును తిరస్కరించింది. కుటుంబమంతా విందు ముగియకుండానే వెళ్ళిపోయింది. తండ్రిని జైల్లో పెట్టారు. ఆ తర్వాత ఆమె న్యాయశాస్త్రం చదివితే ప్రాక్టీసు చెయ్యడానికి అనుమతి ఇవ్వలేదు. అక్కచెల్లెళ్ళు నియంతకు వ్యతిరేకంగా రహస్యోద్యమం నడిపారు. 1960 నవంబరు 25న మినర్వా, పాత్రియా, మరియా తెరేసా అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళనూ, వాళ్ళ జీపు నడిపిన రుఫినో దె లా క్రూస్‌నూ కొట్టి చంపి, ప్రమాదమని నమ్మించడానికి జీపును లోయలోకి తోశారు. 1981లో కొలంబియా రాజధాని బొగోటాలో సమావేశమైన లాటిన్ అమెరికా స్త్రీవాదులు ఆ తేదీని స్త్రీలపై హింసకు వ్యతిరేక దినంగా ఎంచుకున్నారు. 1999లో ఐక్యరాజ్యసమితి దాన్ని స్వీకరించింది. ఏటా నవంబరు 25 నుంచి డిసెంబరు 10 దాకా మనం పదహారు రోజులు బ్యానర్లు కడతాం, కరపత్రాలు పంచుతాం. ఆ తేదీ వెనకాల ఒక నాట్యం, ఒక నిరాకరణ ఉన్నాయని ఎన్ని సభల్లో చెప్పాం? అదే లాటిన్ అమెరికాలో, చిలీ దేశంలో, 2019 నవంబరులో స్త్రీలు కళ్ళకు నల్లగుడ్డలు కట్టుకుని వీధుల్లో వరసలుగా నిలబడి అత్యాచారాలకు వ్యతిరేకంగా పాడుతూ అడుగులు వేశారు. పోలీసులు నిర్బంధంలో స్త్రీలను గొంతుకూర్చోబెట్టే పద్ధతినే ఆ నాట్యంలో ఒక భంగిమ చేశారు. నెల తిరక్కుండా అది ఎన్నో దేశాలకు పాకింది. అందులో ఉన్నవీ బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చే మామూలు అడుగులే.

మన దగ్గర నాట్యం అనగానే వచ్చే ఇబ్బంది వేరే చరిత్ర నుంచి వచ్చింది. వీరేశలింగం కాలం నుంచి మొదలై 1947 మద్రాసు దేవదాసీ చట్టం దాకా సాగిన సంస్కరణ, స్త్రీలను దేవుడికి అంకితం చేసి వాడుకునే దుర్మార్గాన్ని ఎదిరించింది. దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ క్రమంలో భోగంవాళ్ళ చేతుల్లోంచి నాట్యం పోయింది, నాట్యం చేసే స్త్రీ అంటే చెడ్డది అన్న మాట మాత్రం మిగిలిపోయింది. అదే కాలంలో కూచిపూడిలో సత్యభామ వేషం కూడా మగవాళ్ళే వేసేవారు. తర్వాత మర్యాదస్తుల ఇళ్ళ పిల్లలకు ఆ తలుపు తెరిచారు, కొన్ని షరతులతో. ఇవాళ మా చిక్కడపల్లి గానసభ వేదిక మీద ఏ సాయంత్రమైనా ఆరేళ్ళ పిల్ల నుంచి ఇరవై ఏళ్ళ అమ్మాయి వరకు గజ్జె కట్టి ఆడవచ్చు. తల్లులు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటారు. పెళ్ళికి ముందు అరంగేట్రం, పెళ్ళయ్యాక గజ్జెలు అటక మీదికి. మా బ్యాచ్‌లో కనీసం ముగ్గురు చిన్నప్పుడు నాట్యం నేర్చినవాళ్ళు. ఒకావిడ ఇరవై రెండేళ్ళ తర్వాత అరమండిలో కూర్చోబోయి నవ్వుతూ ఏడ్చింది. దేవుడి కోసం, వేదిక కోసం, పెళ్ళిచూపుల అర్హత కోసం ఆడవచ్చు. ఊరికే, తన ఒంటి కోసం, నలభై అయిదేళ్ళ ఆడది ఆడితే అది బరితెగింపు. 2025 జూన్‌లో కేరళ బడుల్లో మత్తుమందుల వ్యతిరేక కార్యక్రమంలో భాగంగా జుంబా పెట్టినప్పుడు కొన్ని మతసంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఆడా మగా కలిసి గంతులేమిటని, ఆ బట్టలేమిటని. ఆ మాటలు ఒక్క మతానివి అనుకోవడానికి లేదు. మా బస్తీలో అన్ని మతాల నోళ్ళలోంచీ అవే విన్నాను.

ఇప్పుడు ఈ వ్యాసం రాయించిన అసలు సంఘటనకు వస్తాను. హాలు నడిపేవాళ్ళు మా క్లాసును ఫోనులో వీడియో తీసి, ప్రకటన కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ముప్ఫై సెకన్లు. ఎవర్నీ అడగలేదు. అందులో ముందు వరసలో ఉన్నది మా అందరిలోకీ అడుగు బాగా పడే అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఆ వీడియో తిరిగి తిరిగి ఆమె మరిది ఫోనులోకి వచ్చింది. మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఫోను చేస్తే, "నేను చేసింది తప్పనిపించట్లేదక్కా. కానీ ఇంట్లో అందరూ కూర్చుని పదిసార్లు వేసుకుని చూశారు. నాకది చచ్చిపోయినట్టు అనిపించింది" అంది. తిట్టలేదట, కొట్టలేదట. చూశారంతే.

మా సంస్థలో దీని మీద వాదన జరిగింది. దాచుకోవాల్సిన అవసరమేమిటి, సిగ్గుపడాల్సింది ఆమె కాదు కదా, ధైర్యంగా మళ్ళీ వచ్చి ఆడమని చెప్పాలి అని ఒకరన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆ ధైర్యానికి వెల కట్టేది ఆమె, మనం కాదు. నలుగురి ముందు ఆడే హక్కు ఎంత ఆమెదో, నలుగురి కంట పడకుండా ఆడుకునే హక్కూ అంతే ఆమెది. తలుపు ఎప్పుడు తెరవాలో తేల్చుకోవాల్సింది లోపలున్న మనిషే. హాలువాళ్ళు ఆ నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నారు, అదీ తమ వ్యాపారం కోసం. చట్టం ఏమంటుందని మా లాయరు మిత్రురాలిని అడిగాం. స్త్రీలను దొంగచాటుగా చూడటం, చిత్రించడం గురించి 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన 354సి సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ న్యాయసంహితలో 77వ సెక్షనయింది. స్నానం, లైంగిక చర్య, ఒంటి మీద బట్టలు లేకపోవడం లాంటి ఏకాంత స్థితులకే అది వర్తిస్తుంది. నిండా బట్టలు వేసుకుని చెమట కార్చే మా గంట అందులోకి రాదు. అయితే ఆ సెక్షనుకిచ్చిన వివరణలో ఒక మంచి సూత్రం ఉంది. చిత్రం తీయడానికి ఇచ్చిన సమ్మతి, దాన్ని ఇతరులకు పంచడానికి ఇచ్చిన సమ్మతి కాదని. మేము ఆ సూత్రాన్నే పట్టుకున్నాం. పద్దెనిమిది మంది సంతకాలతో కాగితం ఇచ్చాం. రాతపూర్వకంగా అడగకుండా క్లాసులో ఫోను బయటికి తీయరాదని, తీసినా ఎక్కడా పెట్టరాదని. ఇంకో మాట కూడా చేర్చాం, గోడకున్న 'ముందు - తర్వాత' బొమ్మలు తీసేయాలని, చేరినవాళ్ళను అందరి ముందూ బరువు చూడరాదని. వీడియో తీసేశారు. బొమ్మలు మాత్రం ఇంకా ఉన్నాయి. టీచరును ఇందులో తప్పుపట్టలేం. క్లాసుకింత అని కూలి తీసుకునే మనిషి, మూడు చోట్ల నేర్పితే తప్ప ఇల్లు గడవదు ఆమెకు.

బరువు గురించి ఒక మాట. నేను ఏడాదిలో కిలోన్నర తగ్గానో లేదో. మోకాళ్ళు మాత్రం మెట్లెక్కనిస్తున్నాయి. బరువు తగ్గిస్తామనే ఆశ చూపి రప్పించినవాళ్ళు, అది తగ్గకపోతే మూడో నెలలో మానేస్తారు. కదిలే హక్కు సన్నబడ్డవాళ్ళకిచ్చే బహుమతి కాదు గదా.

సమయం సంగతి చూడండి. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటిపనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 97. 2024 సర్వేకి అవి 289, 88 అయ్యాయి. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే, మగవాళ్ళూ తొమ్మిది తగ్గించుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారం మొత్తానికి కావాలంటున్న వ్యాయామం కనీసం 150 నిమిషాలు, అంటే ఒక్కరోజు ఇంటిచాకిరీలో సగం. అది కూడా దొరకడం లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అధ్యయనం 2022 నాటికి మన దేశంలో 57 శాతం స్త్రీలకు, 42 శాతం పురుషులకు చాలినంత శారీరక శ్రమ లేదంది. రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది గదా అనే భర్తలకు చెప్పాల్సిన సంగతి ఇది. పొయ్యి ముందు రెండు గంటలు నిలబడితే కాళ్ళు వాస్తాయి గానీ, గుండెకు బలం రాదు.

అశోక్‌నగర్ అమ్మాయిల గురించి రాయకపోతే ఇది అసంపూర్ణం. గ్రూప్ వన్, గ్రూప్ టూ, డీఎస్సీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదిలో ముగ్గురూ నలుగురూ సర్దుకుని, పొద్దుటి నుంచి రాత్రి దాకా సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో స్టడీ హాల్లోనో కూర్చునే పిల్లలు. ఒకే భంగిమ, ఏళ్ళ తరబడి. వాళ్ళతో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి పోయినప్పుడు నడుంనొప్పి, నెలసరి తప్పడం, నిద్ర పట్టకపోవడం, ఇవే చెప్పారు. మగపిల్లలు సాయంత్రం చాయ్ బండి దగ్గర నిలబడతారు, ఎక్కడో ఒకచోట క్రికెట్ ఆడతారు. ఆడపిల్లలు గదికి పోయి మంచం మీద కూర్చుంటారు, అదీ గేటు మూసే టైము లోపల. ఒక హాస్టలు డాబా మీద వాళ్ళకు మెరెంగే, సల్సా మొదటి అడుగులు నేనే చూపించాను. నాకు వచ్చింది అంతే. ఫోనులో పాట, ఆరుతున్న బట్టల మధ్య పదకొండు మంది. రెండో పాటకే ఒకమ్మాయి తీగ మీది తువ్వాలు లాగి నడుముకు కట్టుకుంది. ఇరవై నిమిషాల తర్వాత ఒకమ్మాయి, "ఫలితాలు రాకముందు ఇట్లా నవ్వితే తప్పేమో అనిపిస్తోంది మేడమ్" అంది. నోటిఫికేషను ఎప్పుడొస్తుందో తెలియదు, ఊళ్ళో పెళ్ళి సంబంధం చూస్తున్నారు, ఉద్యోగం వచ్చేదాకా నవ్వడం కూడా వాయిదా. నేను ఏమీ జవాబు చెప్పలేకపోయాను.

మా సంస్థలోనే ఎంతోకాలంగా పనిచేస్తున్న ఒక కామ్రేడ్ నాతో గట్టిగా విభేదించింది. "కూలిపని చేసే స్త్రీకి కావాల్సింది విశ్రాంతి, కూలి. నీ గంతులు కాదు" అంది. ఆ మాటలో నిజం ఉంది. అయిదిళ్ళలో అంట్లు తోమి, బట్టలు పిండి వచ్చిన ఒళ్ళు వేరు, కుర్చీలో కూర్చున్న ఒళ్ళు వేరు. యజమాని కోసం పడే శ్రమ వ్యాయామం కాదు, అది ఒంటిని అరగదీస్తుంది. ఆమెకు వారానికొక సెలవు కావాలని అడగకుండా డాన్సు క్లాసు పెడతామంటే అది ఎగతాళే. కానీ విశ్రాంతి అంటే పడుకోవడమొక్కటేనా? మా అపార్ట్‌మెంటులో పనిచేసే ఆవిడ ఒక ఆదివారం నన్ను చూసి ఆగి, నాలుగుసార్లు నా కాళ్ళ వంక చూసి, కుంబియా అడుగు నాకంటే చక్కగా వేసింది. "గిదేమన్న కొత్తనా అమ్మా, బతుకమ్మ కాడ ఆడేదే గద. ముందటికో అడుగు, ఎనకకో అడుగు" అంది. ఏడాదికి తొమ్మిది రోజులు ఆడే హక్కు ఆమెకు ఊరిచ్చింది. పట్నం ఆ తొమ్మిది రోజుల్నీ కొరికేసింది, సద్దుల నాడు కూడా పనికి రమ్మంటారట. నా కామ్రేడ్ చెప్పిన విశ్రాంతిలో ఈ ఆటకు కూడా చోటుండాలని నా వాదన. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

నెలకు పదిహేను వందలు కట్టగలిగిన నాలాంటివాళ్ళకే ఇది పరిమితమైతే మనం మాట్లాడుకోవాల్సిన పనే లేదు. నగరపాలక సంస్థ కమ్యూనిటీ హాళ్ళు పెళ్ళిళ్ళు, సభలు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. వాటిలో రోజుకు రెండు గంటలు, పనిమనుషులకు వీలైన సాయంత్రమొకటి, ఇంట్లో ఉండేవాళ్ళకు వీలైన పగలొకటి, స్త్రీల కోసం కేటాయించాలని అడగవచ్చు. కిటికీలకు తెరలు, పనిచేసే మరుగుదొడ్డి, చిన్నపిల్లలను కూర్చోబెట్టుకునే మూల. టీచరుకు గౌరవప్రదమైన జీతం. పేరు జుంబా కానక్కర్లేదు, కంపెనీకి రుసుం కట్టనక్కర్లేదు. కుంబియా ఆడనీ, కోలాటం ఆడనీ. మన సంస్థల్లో కూడా రెండు రోజుల శిక్షణా శిబిరమంటే ఉదయం నుంచి రాత్రి దాకా కార్పెట్ మీద కూర్చోబెట్టడమే. మధ్యలో ఒక ఉద్యమ గీతం, మళ్ళీ కూర్చోవడం. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణాల మీదికి కాళ్ళతోనే నడిచి వెళ్ళారు, కార్పెట్ మీద కూర్చుని కాదు.

మొన్న మేము ఆ హాలు కోసం దరఖాస్తు ఇవ్వడానికి వెళ్ళాం. ఆరుగురం. ఫారంలో 'కార్యక్రమం' అనే గడి దగ్గర అందరం ఆగిపోయాం. డాన్సు అని రాస్తే ఇస్తారో ఇవ్వరోనని కాసేపు తర్జనభర్జన పడి 'మహిళల ఆరోగ్య శిబిరం' అని రాసి ఇచ్చేశాం. గుమాస్తా ఏమీ అడగలేదు, ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. బస్టాపు దాకా వచ్చాక రిటైర్డ్ టీచరు గారు, "అతను అడగనేలేదు, మనమే ఎందుకు దాచాం?" అన్నారు. వచ్చే సోమవారం వెళ్ళి ఆ గడి దిద్దించుకోవాలని అనుకున్నాం. మానేసిన అమ్మాయికి కూడా చెప్పాను. "హాలు వస్తే చెప్పండక్కా, కిటికీలు ఎటువైపున్నాయో చూసి వస్తాను" అంది.